కబురు వెళ్ళిందన్నాడు

బెసియో దీవి రేవు వెనకాల, తుప్పుపట్టిన కంటెయినర్లు పడేసిన చోట, పొద్దు వాలేసరికి చేరే కుర్రాళ్ళకి నవాయా నాయకుడు. పదిహేడేళ్ళవాడు. బడి మానేశాడు. పులిసిన కల్లు సీసా చేతికొస్తే అది ఖాళీ అయ్యేదాకా కదలడు. వాడితో మాట కలపడానికి బౌరోకి ఏడాది పైనే పట్టింది.

బౌరో చర్చిలో యువజన సంఘం చూసేవాడు. ముప్పై అయిదు దాటిన మనిషి, ఒకప్పుడు చేపల పడవల మీద తిరిగినవాడు. బోధించడం అతనికి చేతకాదు. వాక్యం ఎత్తుకుంటే సగంలో మరిచిపోయేవాడు. అతనికి చేతనయిందల్లా వెళ్ళి పక్కన కూచోవడం. గాలం పట్టుకుని రోజూ ఆ రాళ్ళ మీదికి వెళ్ళేవాడు. కుర్రాళ్ళు దూరం నించే చూసి, "అడుగో, పాస్టరుగారి వేగులవాడొస్తున్నాడు. సీసాలు దాచండ్రా" అనేవాళ్ళు. ఒకనాడు నవాయా అతని ఎర డబ్బాని కాలితో సముద్రంలోకి తన్నాడు. బౌరో చొక్కా విప్పి నీళ్ళలోకి దూకి, డబ్బా తెచ్చుకుని మళ్ళీ అక్కడే కూచున్నాడు. తిట్టలేదు, బుజ్జగించలేదు.

నెలలు గడిచాక వాడే వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు.

"నువ్వెప్పుడూ తాగలేదా?" అనడిగాడు.

"తాగాను. నీకంటే ఎక్కువే."

"మరి మానేసి మంచోడివైపోయావా?"

"మానేశాను. మంచోణ్ణో కాదో మా ఆవిణ్ణడగాలి. తాగి కొట్టాను. వాళ్ళ దీవికెళ్ళిపోయింది. ఇంకా తిరిగి రాలేదు."

నవాయా అతని మొహంకేసి చాలాసేపు చూశాడు. విదేశీ ఓడల్లో పనిచేసే వాళ్ళ నాన్న ఫోను చేసినప్పుడల్లా క్రిస్మస్‌కి వచ్చేస్తానంటాడు. రాడు. బళ్ళో టీచర్లు, ఊరి పెద్దలు, పాస్టరు, అందరూ వాడికి ఏదో ఒక మాటిచ్చినవాళ్ళే. తన గురించి చెడ్డమాట తనే చెప్పిన పెద్దవాణ్ణి వాడెక్కడా చూడలేదు. ఆ సాయంత్రం ఎర ముక్కలు వాడే కోసిపెట్టాడు.

వాడొచ్చాక మొరేసి కూడా వచ్చాడు. పద్నాలుగేళ్ళు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లాడు. నిద్రపోతే తప్ప నోరు మూయడు. నవాయా ఎటు పోతే అటు పోతాడు. ఈ ఇద్దర్నీ కనిపెట్టి ఉండడానికన్నట్టు నవాయా చిన్నాన్న కూతురు తబేరా వచ్చేది. పదిహేనేళ్ళ పిల్ల, చర్చి పాటల్లో ముందు గొంతు ఆమెదే. నలుగురూ రాళ్ళ మీద కూచుని చేపలు కాల్చుకు తినేవాళ్ళు. మొరేసి పాస్టరుగారి నడకని అనుకరిస్తే బౌరో కూడా కడుపు పట్టుకు నవ్వేవాడు. ఇదే పరిచర్య అంటే పెద్దలు ఒప్పుకోరని అతనికి తెలుసు. ఇంతకన్న వేరే పరిచర్య అతనికి రాదు.

ఆ ఏడు అబయాంగ్ దీవిలో అన్ని ఊళ్ళ పిల్లలకీ శిబిరం పెట్టారు. సంఘం పిల్లలంతా పెద్ద పడవలో ముందురోజే వెళ్ళిపోయారు. నవాయా రానన్నాడని బౌరో ఆగిపోయాడు. మర్నాడు తెల్లారేసరికి వాడు సంచి భుజాన వేసుకుని, చెల్లెల్నీ మొరేసినీ వెంటబెట్టుకుని బౌరో వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"రెండ్రోజులే ఉంటాను. ముందుకొచ్చి సాక్ష్యం చెప్పమంటే ఈదుకుంటూ వచ్చేస్తాను" అన్నాడు.

బౌరోకి ఆ ఆనందంలో కాలు నేలమీద నిలవలేదు. తెలిసినాయన్నడిగి మోటారు పడవ తెచ్చాడు. పడవలో బీకన్ ఉంది, అరచేతిలో ఇమిడే పసుప్పచ్చ పెట్టె. ఆపద వస్తే దాని మీట నొక్కాలి, ఆకాశం మీదుగా గస్తీవాళ్ళకి కబురు పోతుంది. రేవు వదిలే ముందు బౌరో దాన్ని పరీక్షించాడు. దీపం వెలగలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. ఇంకోటి తేవాలంటే రేవు ఆఫీసు తెరిచేదాకా ఆగాలి. ఆగితే ఈ కుర్రాడు మనసు మార్చుకుంటాడేమో. ఏడాది కష్టం. సముద్రం చూస్తే నూనె పోసినట్టుంది. మధ్యాన్నానికల్లా చేరిపోతాం కదా అనుకుని ఆ పెట్టెని సంచి అడుగున పెట్టేశాడు.

దీవులు రెండూ కనుమరుగయిన చోట మోటారు దగ్గి ఆగిపోయింది. పెట్రోలులో నీళ్ళు కలిశాయి. బౌరో ప్లగ్గులు ఊడదీసి తుడిచాడు, గొట్టం పీకి నోటితో ఊదాడు, తాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కించుకున్నాడు. తూర్పుగాలీ ప్రవాహమూ కలిసి పడవని పడమటికి ఈడ్చుకుపోతున్నాయి. పడమట ఎంత దూరం పోయినా నీళ్ళే. ఫోనులో సిగ్నల్ గీతలు ఎప్పుడో మాయమయ్యాయి.

"ఇప్పుడేంటన్నా?" అంది తబేరా. మొరేసి అప్పటికే ఏడుస్తున్నాడు. నవాయా మాత్రం బౌరోనే చూస్తున్నాడు. ఆ చూపులో భయం లేదు. ఈ మనిషికి తెలుసు, ఈ మనిషి చూసుకుంటాడు అన్నట్టుంది. అన్నాళ్ళూ బౌరో ప్రార్థన చేసింది ఆ చూపు కోసమే.

బౌరో సంచి అడుగునించి బీకన్ తీశాడు. ముగ్గురూ చూస్తుండగా మీట నొక్కి, దీపం ఉండే వైపు అరచేత్తో కప్పి పట్టుకున్నాడు.

"కబురు వెళ్ళింది" అన్నాడు.

ఆ ఏడుపు ఆగేదాకానే, తర్వాత నిజం చెప్పేద్దాం అనుకున్నాడు. ఏడుపు ఆగింది. ఆగి నవ్వైంది. "విమానం వస్తుందా అన్నా? టీవీలో చూపిస్తారా మనల్ని?" అంటూ మొరేసి పడవ ఊగేట్టు గంతులేశాడు. డబ్బా మాంసం తెరిచారు. సీమపనస ముక్కలు పంచుకున్నారు. తబేరా పాట ఎత్తుకుంది. ఎండ మండిపోతోందని మొరేసి నీళ్ళ క్యాను ఎత్తి తలమీద గుమ్మరించుకున్నాడు. చల్లగా ఉందంటూ చొక్కా కూడా తడుపుకున్నాడు. నీళ్ళు పడవ అడుగుకి పోయి ఉప్పునీళ్ళలో కలిశాయి. ఆపరా అనడానికి బౌరో నోరు తెరిచాడు. ఎందుకన్నా అని అడిగితే ఏం చెప్పాలి? నోరు మూసుకున్నాడు. కాసేపయ్యాక, "కొంచెం దాచుకోండర్రా, దేనికైనా మంచిది" అన్నాడు. గొంతులో ఏం వినబడిందో ఏమో, నవాయా ఒక్కసారి తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

తమకోసం ఎవరూ వెతకరని బౌరోకి తెలుసు. శిబిరంలో వాళ్ళు వీళ్ళు బయల్దేరలేదనుకుంటారు. ఇంట్లోవాళ్ళు చేరిపోయారనుకుంటారు. శిబిరం అయిపోయి పెద్ద పడవ తిరిగొచ్చేదాకా ఈ నలుగురూ లేరన్న సంగతి లోకానికి తెలియదు.

మర్నాడు మధ్యాన్నం దాకా ఆకాశంలో పక్షి తప్ప ఏమీ రాలేదు.

"విమానమేదీ?" అన్నాడు నవాయా.

"వస్తుంది. దూరం కదా."

ఇది రెండో అబద్ధం. నవాయా లేచి, సంచి లాక్కుని, బీకన్ పైకి తీశాడు. తిప్పి చూశాడు. మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"మా నాన్న ఓడలో ఇలాంటిదుంది. ఫోనులో చూపించాడు. పనిచేస్తుంటే దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఇది వెలగట్లేదేం?"

బౌరో తన అరచేతి బొబ్బలకేసి చూసుకున్నాడు.

"నిన్న వెలిగిందా?"

"లేదు."

"నిన్ననే తెలుసా నీకు?"

బౌరోకి అప్పుడు కూడా తప్పించుకునే దారి ఉంది. నొక్కినప్పుడే తెలిసింది, మీరు భయపడతారని చెప్పలేదు అంటే సరిపోయేది. "రేవులోనే తెలుసు" అన్నాడు. "ఇంకోటి తేవాలంటే ఆలస్యమవుతుంది. ఈలోగా నువ్వు వెళ్ళిపోతావని భయమేసింది."

నవాయా కొడతాడనుకున్నాడు. కొట్టలేదు. ఒక రకంగా నవ్వాడు.

"ఒరే మొరేసీ, నిన్న నువ్వు తలమీద నీళ్ళు పోసుకున్నావు చూడు, అప్పుడు ఈయనకి తెలుసురా. చూస్తూ కూచున్నాడు."

మొరేసి ఖాళీ అవుతున్న క్యానుకేసి చూశాడు. తర్వాత బౌరోకేసి చూశాడు. తబేరా మాత్రం మొహం తిప్పేసుకుంది.

ఆ తర్వాత పడవ పెత్తనం నవాయాదే. క్యాను తన కాళ్ళ మధ్య పెట్టుకుని ముందు కొసన కూచున్నాడు. సీసా మూతతో కొలిచి పొద్దునొకసారీ సాయంత్రమొకసారీ పోసేవాడు. బౌరోకీ అందరితో సమానంగానే పోశాడు. మూత చేతికిచ్చేవాడు, మొహం మాత్రం చూసేవాడు కాదు. బౌరో ఆ నీళ్ళు తీసుకెళ్ళి మొరేసి నోట్లో పోస్తే, "నీది నువ్వు తాగు. మాకు నీ దానం అక్కర్లేదు" అన్నాడు.

సాయంత్రం బౌరో మోకాళ్ళ మీదికి వంగబోయాడు.

"నువ్వు ప్రార్థన చెయ్యకు" అంది తబేరా. "నీ నోటితో వింటే దేవుడు కూడా నమ్మడు. మమ్మల్ని చేసుకోనీ."

బౌరో లేచి తన చోటికి వెళ్ళి కూచున్నాడు. ఆ పిల్ల పెదవులు కదులుతుంటే చూస్తూ, తను మాత్రం లోపల కూడా ఒక్క మాట పలకలేకపోయాడు.

అతని దగ్గర మిగిలింది గాలం ఒక్కటే. దానితో చేపలు పట్టాడు. పచ్చి ముక్కలు కోసి, చేప కళ్ళలో ఉండే నీటిని పీల్చమని చూపించాడు. పెద్ద పిల్లలిద్దరూ అతని చేతిలోంచి తీసుకుని తిన్నారు, పరాయివాడు పెట్టినట్టు. మొరేసికి వెంటనే వాంతయింది. వాడికి మాటలు తగ్గిపోయాయి. అది చూసే అందరికీ ఎక్కువ భయమేసింది.

రెండ్రోజులు పోయాక వాడు వేరే రకంగా మాట్లాడ్డం మొదలుపెట్టాడు. అమ్మమ్మ పిలుస్తోందనీ, దిగి నడిచి వెళ్ళిపోతాననీ అన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. పెదవుల చుట్టూ తెల్లగా ఉప్పు కట్టింది. బౌరో ఆ ఉప్పు చూసి గడ్డం పట్టుకుని అడిగాడు. "సముద్రం నీళ్ళు తాగావా నాయనా?"

"కొంచెమే" అన్నాడు మొరేసి. "ఎవరూ చూడనప్పుడు. నవాయా అన్నకి చెప్పొద్దు, తిడతాడు."

అన్న అక్కడే ఉన్నాడు, విన్నాడు. పొద్దుటి వాటా నీళ్ళన్నీ ఒకేసారి వాడి నోట్లో పోశాడు. రాబోయే పూటవి కూడా పోశాడు. తర్వాత చాలాసేపటికి, అన్ని రోజుల్లో మొదటిసారి బౌరో మొహంకేసి చూశాడు.

"వీడు బతుకుతాడా?"

బతుకుతాడురా అనే మాట బౌరో నాలుక చివరికి వచ్చింది. అలా అనాలని అతని ఒళ్ళంతా కొట్టుకుంది. మింగేశాడు.

"బతకడనుకుంటున్నాను."

"మనం?"

"వానొస్తే ఇంకొన్నాళ్ళు. రాకపోతే లేదు."

"మనకోసం వెతుకుతున్నారా?"

"ఇప్పటిదాకా వెతికుండరు. శిబిరం ఈపాటికి అయిపోయుండాలి. వాళ్ళు తిరిగెళ్ళాక తెలుస్తుంది. తెలిసినా ఎక్కడని వెతుకుతారు? మనం చాలా దూరం కొట్టుకొచ్చేశాం."

నవాయా తలూపాడు. కళ్ళు తుడుచుకోడానికి వాడి కళ్ళల్లో తడి లేదు. "నీకు భయంగా ఉందా?" అని కూడా అడిగాడు.

"ఉంది. నిన్ను చూస్తేనే ఎక్కువ భయంగా ఉంది."

మొరేసి తల పట్టుకోడానికి ఇద్దరు కావాల్సొచ్చినప్పుడు నవాయా, "ఇటు రా" అని పిలిచాడు.

ఆ సాయంత్రమే వాన పడింది. టార్పాలిన్ పరిచి నాలుగు మూలలా పట్టుకున్నారు. క్యాను నిండింది, సీసాలు నిండాయి, పిల్లలు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. మొరేసి నోట్లో చుక్కచుక్కగా పోస్తే సగం బయటికొచ్చింది, సగం లోపలికెళ్ళింది. "బాగుంది" అన్నాడు. అంత తెలివిగా అన్నాడని తబేరా ఏడుస్తూ నవ్వింది. తెల్లవారే వేళకి వాడు నవాయా ఒళ్ళో తల పెట్టుకుని ఉన్నవాడు ఉన్నట్టే పోయాడు. నవాయాకి చాలాసేపు తెలియలేదు. తెలిశాక కూడా కాలు కదపలేదు.

ఆ రోజంతా వాణ్ణి టార్పాలిన్‌లో చుట్టి పడవలోనే ఉంచుకున్నారు. అమ్మమ్మకి అప్పజెప్పాలి అంది తబేరా. రెండోరోజు ఎండకి ఇక కుదరదని ముగ్గురికీ తెలిసింది. ఆ మాట ఎవరో ఒకరు అనాలి. బౌరో అన్నాడు. తబేరా చెవులు మూసుకుంది.

లంగరు తాడుతో టార్పాలిన్‌ని కట్టారు. మోటారు ఊడదీసి దాన్ని కూడా కలిపి కట్టారు, మునగడానికి. కట్టడం అయ్యాక ఎవరూ కదల్లేదు.

"ఏదో ఒకటి చెప్పాలి కదా" అన్నాడు నవాయా. "నాకు రాదు. దీనికి గొంతు రావట్లేదు. నువ్వే చెప్పు. కానీ అందులో అబద్ధం ఒక్కటి కూడా ఉండకూడదు."

బౌరో తబేరాకేసి చూశాడు. ఆమె కాదనలేదు. అతను మోకాళ్ళ మీద వంగి, చుట్టిన మూట మీద చెయ్యి వేశాడు. చర్చిలో ఇలాంటప్పుడు అనే మాటలు అతనికి వచ్చు. ప్రభువే ఇచ్చాడు, ప్రభువే తీసుకున్నాడు అంటారు. ఆ మాట అనబోయి ఆగాడు. తీసుకుంది ప్రభువని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"ప్రభువా, వీడి పేరు మొరేసి" అన్నాడు. "రిటేటి మనవడు. వాగుడుకాయ. నన్ను నమ్మి పడవెక్కాడు. నేను చెప్పింది నమ్మి నీళ్ళు పారబోసుకున్నాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. వీడు ఎందుకు పోయాడని నువ్వు అడిగితే నేను చెప్పగలిగింది అదే. నువ్విక్కడ ఉన్నావో లేదో ఇన్ని రోజులూ నాకు తెలియలేదు. ఇప్పుడూ తెలియట్లేదు. ఉంటే వీణ్ణి తీసుకో. వీడికి చీకటంటే భయం. ఆమెన్."

"ఆమెన్" అన్నాడు నవాయా. తబేరా పెదవులు కూడా కదిలాయి. మూటని ముగ్గురూ పట్టుకుని అంచు దాటించారు. నీళ్ళు నీలంగా, లోతుగా ఉన్నాయి, మూట చాలాసేపటిదాకా కిందికి దిగుతూ కనబడుతూనే ఉంది.

ఆ తర్వాత రోజులు ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి. మళ్ళీ నీళ్ళు తగ్గాయి. తబేరా లేవడం మానేసింది. నవాయా అడిగేవాడు, బౌరో చెప్పేవాడు. ఇంకెన్ని నీళ్ళున్నాయి, ఆ మబ్బు పనికొచ్చేదేనా, పడవ కింద గీరుతున్నది సొరచేపేనా. తెలిసింది తెలుసన్నాడు, తెలియనిది తెలియదన్నాడు. ఒకరోజు నవాయా, "నువ్వు ముందే ఇలా ఉండుంటే" అని, మాట పూర్తి చెయ్యలేదు.

ట్యూనా చేపల ఓడ ఒకటి గుంపుల్ని వెతకడానికి పంపిన చిన్న హెలికాప్టరు వాళ్ళని చూసింది. రెండుసార్లు తలమీద తిరిగింది. బౌరోకి చెయ్యి ఎత్తడానికి శక్తి లేదు. నవాయా లేచి నిలబడి, చొక్కా విప్పి ఊపుతూ, అలా ఊపుతూనే కూలిపోయాడు.

బెసియో ఆసుపత్రిలో మనుషుల్ని గుర్తుపట్టే స్థితికి వచ్చాక పాస్టరుగారు వచ్చి బౌరో మంచం పక్కన కూచున్నాడు. చెడ్డమనిషి కాదు, మొరేసికి పేరు పెట్టింది ఆయనే. చాలాసేపు చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"రేపు ఊరి సభ మనియాబాలో కూడుతుంది. అడుగుతారు. బీకన్ పనిచెయ్యలేదు, సముద్రం కదా, అంతే చెప్పు. మిగతా ఇద్దరూ పిల్లలు, వాళ్ళనెవరూ అడగరు. నువ్వు అంతా చెప్పావంటే ఇంక ఏ తల్లీ బిడ్డని మన దగ్గరికి పంపదు. ఆ కంటెయినర్ల వెనకాల ఇంకా ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. వాళ్ళ సంగతి ఆలోచించు."

బౌరో ఆలోచించాడు. పాస్టరుగారు చెప్పిందాంట్లో నిజం ఉంది. పక్క మంచం మీద నవాయా గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడో లేదో తెలియలేదు.

మనియాబా పెద్ద కప్పు కింద చాపల మీద ఊరంతా కూచుంది. ఎవరి కుటుంబం వాళ్ళ చోటులో ఉంది. మొరేసి అమ్మమ్మ రిటేటి వాళ్ళ చోటులో ముందు వరసలో కూచుంది. చిన్న మనిషి, ఇంకా చిన్నదైపోయింది. బౌరోని మధ్యలో కూచోబెట్టారు. అతను మొత్తం చెప్పాడు. రేవులో దీపం వెలగకపోవడం, ఎందుకు ఆగలేదో, అరచెయ్యి అడ్డం పెట్టడం, కబురు వెళ్ళిందనడం, నీళ్ళు. ఏదీ వదల్లేదు. చెబుతుంటే మొరేసి మేనమామ లేచి మీదికి రాబోయాడు. పెద్దలు పట్టుకుని కూచోబెట్టారు.

రిటేటి ఒక్కటే అడిగింది. "దాహమన్నాడా?"

"అన్నాడమ్మా."

"ఇచ్చావా?"

"ఉన్నంతలో ఇచ్చాం. ఉన్నప్పుడు దాచలేదు. దాచమని నేను వేళకి చెప్పలేదు."

ముసలామె పైబట్ట తలమీదికి లాక్కుంది. దాని లోపలినించే అంది. "నా గుమ్మం తొక్కకు."

యువజన సంఘాన్ని బౌరో చేతిలోంచి తీసేశారు. కొన్ని వారాలు ఇంకొకరు నడిపారు, పిల్లలు రావడం మానేశారు, మూతపడింది. పాస్టరుగారు చెప్పినట్టే అయింది. కంటెయినర్ల వెనకాల సాయంత్రాలు సీసాలు పగిలే చప్పుడు వినబడుతూనే ఉంది. తబేరా చర్చికి వస్తుంది, పాడదు. దారిలో బౌరో ఎదురైతే పక్కకి తప్పుకుంటుంది. బౌరో రేవులో సరుకులు మోసే పనికి కుదిరాడు. గాలం ముట్టుకోలేదు. పని లేనప్పుడు ఇంట్లో తలుపేసుకుని పడుకునేవాడు. తను నిజం చెప్పి ఎవరికి మేలు చేశాడని తనలో తనే ప్రశ్నించుకునేవాడు. మొరేసి అయితే తిరిగి రాడు.

ఒక శనివారం ఉదయం తలుపు కొట్టిన చప్పుడైంది. నవాయా. సన్నబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మొరేసి వాళ్ళ అమ్మమ్మ ఇంటికప్పు పాడైపోయింది" అన్నాడు. "వానకి కారుతోంది. మొగలాకు తెచ్చి కుడుతున్నా. ఒక్కణ్ణీ అవట్లేదు."

"ఆమె నన్ను గుమ్మం తొక్కొద్దంది కదరా."

"గుమ్మం ఎవరు తొక్కమన్నారు? కప్పు మీదే ఉంటావు."

"తిడితే?"

"తిడుతుంది" అన్నాడు నవాయా. "నన్నూ తిట్టింది మొదట్లో. నువ్వెందుకు బతికావని."

బౌరో చొక్కా వేసుకుని వాడి వెంట నడిచాడు. రిటేటి ఇంటి పక్కన ఆకుల కట్టలు పేర్చి ఉన్నాయి. నవాయా కిందనించి అందిస్తుంటే బౌరో పైన కూచుని కుట్టాడు. కాసేపటికి ముసలామె బయటికొచ్చింది. తలెత్తి చూసింది. బౌరో చేతులు ఆగిపోయాయి. ఆమె తిట్టలేదు, వెళ్ళిపొమ్మనలేదు, లోపలికెళ్ళిపోయింది. లోపల గిన్నె ఏదో గట్టిగా కింద పెట్టిన చప్పుడు వినబడింది. మధ్యాన్నం నవాయాకి అన్నం పెట్టి పంపింది. ఒక్క పళ్ళెమే పంపింది. వాడు కింద కూచుని తిన్నాడు. బౌరో పైన పని ఆపలేదు.

పొద్దు వాలేసరికి సగం కప్పే అయింది. బౌరో దిగి చేతులు దులుపుకున్నాడు. మొగలాకు ముళ్ళు గీరి వేళ్ళన్నీ రక్తమోడుతున్నాయి.

"రేపు ఆదివారం. సోమవారం వస్తావా?" అనడిగాడు నవాయా.

బౌరో రిటేటి ఇంటికేసి ఒకసారి చూశాడు. రేవులో ఓడ వచ్చే రోజు ఎప్పుడో లెక్క చూసుకున్నాడు.

"ఓడ రాకపోతే వస్తాను" అన్నాడు. "వస్తే రాలేను. మంగళవారం వస్తాను."

"సరే" అన్నాడు నవాయా, మిగిలిన ఆకుల మీద గోనె కప్పుతూ.